తెల్లారితే ముహూర్తం

ముక్కుపుడక రాయి తళుక్కుమంటోంది. కళ్లు మాత్రం మసక.

తమ్ముడు మౌస్ తిప్పాడు. ఇంకో ఫోటో. ముక్కు మీద పసుపు నలక కూడా కనిపిస్తోంది, కంటి రెప్పలేమో తడిసిన సిరాలా అలుక్కుపోయాయి. ఇంకోటి. అదే వరస. సాయంత్రం నలుగు పెట్టేటప్పుడు తీసిన ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా నూరు శాతానికి పెంచి చూస్తూ, చెయ్యి వణికిందేమో, పెళ్లికూతురు కదిలిందేమో, షట్టర్ స్పీడు తగ్గిందేమో అని తనకు తానే సాకులు చెప్పుకుంటూ, చెప్పుకున్న సాకు చెప్పుకున్నట్టే రాలిపోతుంటే, చివరికి కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"అన్నా, ఒకసారి ఇట్లా రా."

ధర్మపురి నాలుగు రోడ్ల దగ్గర మేడ మీది స్టూడియో అది. రాత్రి పదిన్నర. కార్తీకం వాన రేకుల మీద దబదబా కొడుతోంది. కింద సేలం బస్సు హారన్. లోపలి గదిలో అన్న పెరుగన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకొని ఆగాడు. తమ్ముడి గొంతు అలా ఉంది.

"పాయింటు కంటి మీదే పెట్టినా. ముక్కు మీద పడతా ఉండాది."

అన్న చెయ్యి కడుక్కొని వచ్చాడు. తెరకేసి వంగాడు. ఏమీ మాట్లాడలేదు. తెల్లవారి అయిదింటికి కోట దగ్గరి కల్యాణ మండపంలో ముహూర్తం. పెళ్లికూతురు కోరింది ఒక్కటే: మా అక్క పెళ్లికి తీసినట్టే తియ్యాల, దీపం వెలుగు చాలు, ఫ్లాష్ వద్దు. దీపం వెలుగంటే 85 ఎంఎం లెన్సు, ఎఫ్ 1.8. రెండు మీటర్ల నుంచి తీస్తే ఆ లెన్సులో స్పష్టంగా ఉండే మందం మొత్తం కలిపి ఆరు సెంటీమీటర్లు. ముందుకు మూడు, వెనక్కు మూడు. ఫోకస్ రెండు వేళ్లు ముందుకు జరిగితే కళ్లు పోయినట్టే. తాళి కట్టే క్షణం మళ్లీ కట్టించుకునేది కాదు.

అన్న కెమెరా అందుకున్నాడు. కెనాన్ 5డి మార్క్ 3. బెంగళూరులో సర్వీసుకిస్తే మెయిన్ బోర్డు మార్చి పంపారు, వచ్చి నాలుగు రోజులు. మెనూలోకి వెళ్లాడు. ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్. ఆ లెన్సుకి ఎదురుగా తను ఎప్పుడో పెట్టిన అంకె ఉండాలి.

సున్నా ఉంది.

"ఎంత పెట్టినావన్నా అప్పుడు?"

"ప్లస్సే పెట్టింది. మూడా, ఏడా... గ్యాపకం రావట్లేదు రా."

ఆ అంకె ఎందుకంటే, అద్దమున్న కెమెరా ఒక దారిలో ఫోకస్ చూసుకుంటుంది, మరో దారిలో ఫోటో తీస్తుంది. లెన్సులోంచి వచ్చిన వెలుగులో కొంత పెద్ద అద్దంలోంచి దూరి, దాని వెనకున్న చిన్న అద్దం మీద పడి, అక్కణ్ణించి కెమెరా అడుగునున్న ఫోకస్ సెన్సార్‌కు దిగుతుంది. బొమ్మ పడేది వేరే సెన్సార్ మీద. ఈ రెండు దారుల పొడవూ సరిగ్గా సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వస్తే కంటి మీద పెట్టిన ఫోకస్ ముక్కు మీదికో చెవి మీదికో జారుతుంది. ఆ తేడాను మెనూలోనే సర్దుకొమ్మని మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా మెట్లు ఇచ్చారు. ప్లస్ అంటే ఫోకస్ వెనక్కి, మైనస్ అంటే ముందుకి. అంకె ఆ బాడీకీ ఆ లెన్సుకీ కలిపి పుట్టింది. బాడీ మారితే చెల్లదు, లెన్సు మారితే చెల్లదు.

"పాత ఫోటోల్లో రాసుంటాదన్నా," అన్నాడు తమ్ముడు. "తీసినప్పుడే కెమెరా లోపల రాసి పెడతాది."

అన్న తలెత్తాడు.

డిజిటల్ ఫోటోకి బొమ్మతోపాటు ఒక చీటీ ఉంటుంది. ఎగ్జిఫ్ అంటారు. 1995లో జపాన్‌లో దానికో పద్ధతి ఏర్పడింది. తేదీ, షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ అందరికీ కనిపించే గదుల్లో ఉంటాయి. మేకర్ నోట్ అని ఇంకో గది ఉంది. అందులో కంపెనీ తన సొంత రాతలు తనకు తోచిన పద్ధతిలో రాసుకుంటుంది, చదివే తాళంచెవి బయటివాళ్లకు ఇవ్వదు. ఫోకస్ సర్దిన అంకె ఉండేది ఆ గదిలోనే. మామూలు ఫోటో సాఫ్ట్‌వేర్లు అటు తొంగి చూడవు. కెనడాకు చెందిన ఫిల్ హార్వే 2003లో ఎగ్జిఫ్‌టూల్ అనే చిన్న ప్రోగ్రామ్ విడుదల చేశాడు. కంపెనీ కంపెనీకీ మోడల్ మోడల్‌కీ ఆ గూఢమైన రాతలు విప్పుకుంటూ పోయాడు. ఉచితంగా ఇచ్చాడు, ఇప్పటికీ ఇస్తున్నాడు. ఎంతమంది రాత్రులను ఆ మనిషి గట్టెక్కించి ఉంటాడో.

తమ్ముడు కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ నల్ల కిటికీ తెరిచాడు. అక్క పెళ్లి ఆల్బమ్‌లోంచి ఒక ఫోటో లాగి వదిలాడు. వరసలు జరజరా దిగాయి. కెమెరా పేరుంది. లెన్సు పేరుంది. ఎఫ్ 1.8 ఉంది. ఫోకస్ అంకె లేదు.

ఇంకోటి వదిలాడు. లేదు. పెళ్లివాళ్లు వాట్సాప్‌లో పంపినది వదిలాడు. దాంట్లో కెమెరా పేరు కూడా లేదు.

"లైట్‌రూమ్‌లోంచి తీసిన జేపెగ్‌లు ఇవి. మేకర్ నోట్ అంతా రాలిపోతాది. ఒరిజినల్ కావాలన్నా. రా ఫైలు."

అన్న నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు. ఆల్బమ్ చేతికిచ్చిన నెలకు రా ఫైళ్లు తుడిచేస్తాడతను. చిన్న ఊళ్ల స్టూడియోల్లో చాలామందిది అదే అలవాటు. డిస్కుల ధర చూస్తే తప్పుపట్టలేం. కానీ తుడిచేటప్పుడు ఫోటో ఒక్కటే పోవడం లేదు, కెమెరా చరిత్ర కూడా పోతోంది.

"అటక మీద పాత డిస్కు ఉండాల," అన్నాడు అన్న.

దుమ్ము. బొద్దింక ఒకటి పరిగెత్తింది. తెగిన గొడుగు, రంగు వెలిసిన బ్యాక్‌డ్రాప్ గుడ్డ, వాటి కింద రబ్బరు బ్యాండు వేసిన హార్డ్ డిస్కు. తగిలించారు. అది కిర్రుమంది. ఆగింది. మళ్లీ కిర్రుమంది. ఫోల్డర్లు తేలాయి. డిస్కు మొత్తం గాలించి ప్రతి ఫైలుకూ తేదీ, లెన్సు, ఫోకస్ అంకె ఒకే వరసలో ఇమ్మని తమ్ముడు ఆదేశం కొట్టాడు. మొదటి వరసలోనే కనపడింది. 85 ఎంఎం. ప్లస్ 3.

"దొరికింది రా!" అన్న అప్పటికే కెమెరా మెనూలో వేలు పెట్టాడు.

"ఉండన్నా. ఇది ఏ బాడీ?"

సీరియల్ నంబరు కూడా అడిగాడు. తెర మీది నంబరూ కెమెరా అడుగున చెక్కిన నంబరూ పక్కపక్కన పెట్టి చూశారు. కలవలేదు. అది అన్న ఎప్పుడో అమ్మేసిన మొదటి కెమెరా. ప్లస్ 3 దానిది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

చీకట్లో యూపీఎస్ కూత పెట్టింది. అది ఎంతసేపు మోస్తుందో ఇద్దరికీ తెలుసు.

ఈ బాధ మన ఊళ్ల స్టూడియోలది మాత్రమే కాదు. 2007 ఫిబ్రవరిలో కెనాన్ తన ఈఓఎస్ 1డి మార్క్ 3ని ప్రకటించింది. సెకనుకు పది ఫోటోలు తీసే కెమెరా, క్రీడా ఫోటోగ్రాఫర్ల కోసం చేసింది. లెన్సు లెన్సుకూ ఫోకస్ సర్దుకునే ఈ మెట్లు కెనాన్‌లో మొదట వచ్చింది దాంట్లోనే. ఆ ఏడాదే కెనడా ఫోటో జర్నలిస్టు రాబ్ గల్‌బ్రెత్ మండుటెండలో పరిగెత్తే ఆటగాళ్లను దానితో తీసి చూశాడు. ఫోకస్ తప్పుతోంది. వేల ఫ్రేములు తీశాడు, పోల్చాడు, బయటపెట్టాడు. మెట్లు సర్దితే తీరే జబ్బు కాదది. చివరికి ఆ ఏడాదిలోనే కంపెనీ కెమెరాలను వెనక్కి పిలిచి బాగుచేసింది. సర్దింది దేన్నంటే, వెలుగును ఫోకస్ సెన్సార్‌కు దించే ఆ చిన్న అద్దాన్ని.

తెర ఇంకా వెలుగుతోంది. వరసలు దిగుతున్నాయి. వేరే బాడీ. వేరే బాడీ. వేరే లెన్సు. యూపీఎస్ కూతలు దగ్గర దగ్గరవుతున్నాయి. తమ్ముడి వేలు ఠక్కున తెర మీద వాలింది.

హొగేనకల్. పుట్టి మీద కూర్చోబెట్టి తీసిన జంట, వెనకాల కావేరి నురగ. రా ఫైలు. సీరియల్ నంబరు అంకె అంకెకూ కలిసింది. 85 ఎంఎం. సర్దుబాటు లెన్సు వారీగా. విలువ 7.

"రాసుకో!"

సేలం మల్లెపూల దుకాణం క్యాలెండర్ మీద తమ్ముడు 7 వేసి చుట్టూ సున్నా చుట్టాడు. యూపీఎస్ చచ్చిపోయింది.

సెల్‌ఫోన్ వెలుతురులో ప్లస్ 7 ఎక్కించారు. ఇంకొకరైతే అక్కడితో పడుకునేవారు. అన్న ట్రైపాడ్ తీశాడు. బోర్డు మార్చినవాళ్లు ఫోకస్ కూడా ముట్టుకొని ఉంటే పాత అంకె పనికిరాకపోవచ్చు. బల్ల మీద పెన్సిల్ సెల్లులు ఏటవాలుగా నిలబెట్టాడు, ఒక్కోటి ఒక అంగుళం వెనక. మండపంలో ఎంత దూరం నుంచి తీస్తాడో అంతే దూరంలో కెమెరా. నడి సెల్లు మీద పాయింటు. ఒక్కో ఫోటోకీ ముందు చేత్తో ఫోకస్ చెడగొట్టి, మళ్లీ కెమెరానే వెతుక్కోనిచ్చాడు. వెనక తెర మీద పదింతలు పెంచి చూశాడు.

నడి సెల్లు మెత్తగా ఉంది. దాని వెనక సెల్లు షార్ప్.

"ఎక్కువైంది," అన్నాడు. గొంతులో కంగారు లేదు. "ఆరు పెట్టు."

ఆరు. ఇంకా కొంచెం వెనకే. అయిదు. సెల్లు మీది అక్షరాలు చెక్కినట్టు నిలబడ్డాయి. ఇంకోసారి. అక్కడే. ఇంకోసారి. అక్కడే. లైవ్ వ్యూ పెట్టి సెన్సార్ కంటితోనే చూసుకొమ్మన్నారు. రెండు బొమ్మలకూ తేడా లేదు.

"ఏడు దొరక్కపోయుంటే?" తమ్ముడు అడిగాడు.

"సున్నా దగ్గరనుంచి మొదలుపెట్టేవాణ్ణి. ఇరవై మెట్ల మీద, ఈ చీకట్లో. ఏడు చూసినాక అది వెనక్కి పోతా ఉండాదని ఒక్క ఫోటోతో తెలిసిపోయె."

నాలుగున్నరకు వాన తగ్గింది. మండపంలో నాదస్వరం మొదలైంది, మల్లెలూ కర్పూరం పొగా కలిసి గొంతు పట్టేస్తున్నాయి. పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. అక్షింతలు లేచాయి. అన్న పెళ్లికూతురి కంటి మీద పాయింటు పెట్టి నొక్కాడు, నొక్కుతూనే ఉన్నాడు, పక్కనున్న తమ్ముడు ఊపిరి బిగబట్టి వెనక తెర కోసం చెయ్యి చాచాడు.

పదింతలు. ఎడమ కన్ను. కాటుక అంచు. దాని మీద నిలిచిన నీటి బొట్టులో దీపం.

మధ్యాహ్నం స్టూడియోకి వచ్చాక తమ్ముడు ఆ రా ఫైలునే ఎగ్జిఫ్‌టూల్‌లో వదిలాడు. తేదీ, సీరియల్ నంబరు, 85 ఎంఎం, ప్లస్ 5. "కెమెరా లెక్క" అని కొత్త ఫోల్డరు చేసి, ఆ ఒక్క ఫైలూ అందులో పెట్టాడు. 50 ఎంఎం లెన్సు తగిలించి, మళ్లీ పెన్సిల్ సెల్లులు వరసగా నిలబెట్టడం మొదలుపెట్టాడు.