శత్రువు ఎవరి ఖాతాలో?

సమాచార భద్రత నిపుణులు రాసే సీఐఎస్‌ఎస్‌పీ పరీక్షకు చదివేవాళ్లకు మొదటి అధ్యాయంలోనే నాలుగు దారులు కనిపిస్తాయి: రిస్కు జోలికి పోకపోవడం, తగ్గించుకోవడం, బదిలీ చేయడం, భరించడం. బదిలీ అనగానే బీమా. లెక్కా సులువే. సర్వర్ విలువ 10 లక్షలు, దెబ్బ తగిలితే పోయేది 40 శాతం, దెబ్బ తగిలేది ఐదేళ్లకోసారి అనుకుంటే ఏడాది నష్టం సగటున 80 వేలు. ప్రీమియాన్ని దీనితో పోల్చి చూడమంటారు. బీమా కంపెనీ సగటు కంటే కాస్త ఎక్కువే అడుగుతుంది, లేకపోతే దానికి గిట్టుబాటు ఎక్కడ? పాఠం అక్కడితో అయిపోతుంది. ఏది బదిలీ అయినట్టు, ఏది కానట్టు అన్న తగవు మాత్రం చాలా పాతది.

క్రీ.పూ. 4వ శతాబ్దపు ఏథెన్స్‌లో లాక్రిటస్ మీద ఒక దావా నడిచింది. డెమొస్తనీస్ పేరున నిలిచిన ఆ ప్రసంగంలో ఓడ అప్పు పత్రం ఒకటి ఉంది. అప్పు 3,000 డ్రాక్మాలు, తాకట్టు 3,000 జాడీల మెండే ద్రాక్షసారా. వడ్డీ వెయ్యికి 225. స్వాతి నక్షత్రం ఉదయించాక నల్లసముద్రం నుంచి తిరుగు ప్రయాణం కడితే 300. శరత్తులో సముద్రం ఎలా ఉంటుందో అప్పిచ్చినవాడికి తెలుసు మరి. దారిలో సరుకు పోతే అప్పూ పోయినట్టే. ఓడ తేలిక కావడానికి అందరూ ఒప్పుకొని నీళ్లలో పారేసిందీ, శత్రువులకు చెల్లించుకున్నదీ బాకీలోంచి కోసుకోవచ్చు. అంటే శత్రువు చేసిన నష్టం అప్పిచ్చినవాడి నెత్తినే.

ఇలాంటి అప్పు మీద లాభాన్ని 13వ శతాబ్దంలో పోప్ తొమ్మిదో గ్రెగరీ వడ్డీ వ్యాపారమని ఖండించాడు. ఆ తర్వాత అప్పు నుంచి పూచీ విడిపోయి సొంతంగా నిలబడింది; 1347 నాటి జెనోవా ఒప్పందం మనకు దొరికిన తొలి బీమా పత్రాల్లో ఒకటి. లండన్‌లో లాయిడ్ కాఫీ దుకాణం పేరు 1688లో వినబడుతుంది; లాయిడ్స్ అనే బీమా మార్కెట్ పెరిగింది అక్కడి నుంచే. 1779లో ఖాయం చేసిన లాయిడ్స్ పాలసీ నమూనాలో తుఫానులతో పాటు యుద్ధనౌకలు, శత్రువులు, సముద్రపు దొంగలు కూడా ఉన్నారు. ఆ తర్వాతే యుద్ధ నష్టాన్ని మామూలు పాలసీలోంచి మెల్లగా బయటికి నెట్టారు.

కంప్యూటర్ల కాలంలో యుద్ధ నష్టానికీ మామూలు నష్టానికీ మధ్య గీత మళ్లీ చెరిగింది. 1997లో ఏఐజీ అమ్మిన పాలసీని తొలి సైబర్ బీమాగా చెబుతారు. డేటా లీకైతే జనానికి చెప్పి తీరాలన్న కాలిఫోర్నియా చట్టం 2003లో అమల్లోకి రావడంతో ఈ బీమాకు గిరాకీ పెరిగింది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే హానికర ప్రోగ్రామ్ ఉక్రెయిన్‌లోని ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ద్వారా పాకి, మెర్క్ అనే మందుల కంపెనీకి సుమారు 140 కోట్ల డాలర్ల నష్టం తెచ్చింది. కంపెనీ దగ్గరున్నది సైబర్ పాలసీ కాదు, ఆస్తి పాలసీ. ఇది రష్యా చేసిన యుద్ధచర్య, పాలసీలోని యుద్ధ మినహాయింపులోకి వస్తుందన్నారు బీమాదారులు. ఆ నిబంధన సంప్రదాయ యుద్ధం కోసం రాసినదని న్యూజెర్సీ కోర్టు వాళ్ల వాదనను కొట్టేసింది. 2023లో అప్పీలు కోర్టూ అదే చెప్పింది. నా దృష్టిలో అది సరైన తీర్పే. పాత మాటల్లోకి కొత్త దాడిని దూర్చి డబ్బు ఎగవేయకూడదు. లాయిడ్స్ అప్పటికే మేలుకుంది. రాజ్యాల అండతో జరిగే పెద్ద సైబర్ దాడులకు మినహాయింపు స్పష్టంగా రాయాలని 2022లోనే తన సభ్యులను ఆదేశించింది.

డబ్బు సంగతి ఇలా ఉంటే, జవాబుదారీ అసలు చేతులు మారదు. పరీక్షలో చాలామంది జారేది ఇక్కడే. మన దేశంలో 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, డేటా పనిని వేరే సంస్థకు అప్పగించినా, ఒప్పందంలో ఏం రాసుకున్నా బాధ్యత డేటాను తీసుకున్న సంస్థదే. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా.