ఖాస్రా పహాణీ నుంచి మాగ్నటిక్ టేపు దాకా: నల్లగొండ, మహబూబ్‌నగర్ భూరికార్డుల నకళ్ల చరిత్ర

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పాత భూమి తగాదా కోర్టుకెక్కినప్పుడు న్యాయవాదులు తరచుగా వెదికేది 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు. డెబ్బై ఏళ్ల నాటి ఆ కాగితంలో తప్పులు లేవని కాదు; తర్వాతి ఏళ్ల మార్పులు అందులోకి చేరకుండా అది పక్కన నిలిచిందని. డేటాబేసుల బ్యాకప్‌కు మాగ్నటిక్ టేపు తగునా అన్న నేటి చర్చను ఈ ప్రాంతపు రికార్డుల అనుభవంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1358 ఫసలీ నాటి హక్కుల రికార్డుల రెగ్యులేషన్ కింద, క్షేత్ర పరిశీలన ఆధారంగా ఖాస్రా పహాణీ తయారైంది. ఆపైన పట్వారీ ఏటేటా సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పంట వివరాలతో పహాణీ రాసేవాడు. నిరుటి పహాణీలోని పేర్లే కొత్తదానిలోకి దిగేవి. ఒక ఏడు పొరపాటునో, కావాలనో మారిన పేరు మరుసటి ఏడు అలాగే కొనసాగి, కొన్నేళ్లకు అదే నిజమై కూర్చునేది. దాన్ని పట్టివ్వగలిగింది ఈ గొలుసుకు బయట ఉన్న పాత ప్రతి ఒక్కటే.

డిస్కుల మీద ఏకకాలంలో నడిచే నకళ్లకూ ఇదే బలహీనత. అసలులో చెరిగింది క్షణాల్లో నకలులోనూ చెరుగుతుంది. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరు జీమెయిల్ వినియోగదారుల ఉత్తరాలు పలు డేటా కేంద్రాల్లోని ప్రతుల్లోంచి మాయమయ్యాయి. గూగుల్ వాటిని తిరిగి తెచ్చింది టేపుల నుంచే. బీరువాలో ఉన్న టేపును నెట్‌వర్కు ద్వారా ఎవరూ చెరపలేరు.

నకలు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. 1946-51 నాటి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట కాలంలో నల్లగొండ పల్లెల్లో భూస్వాముల రికార్డులు, వడ్డీ వ్యాపారుల అప్పుపత్రాలు దగ్ధమయ్యాయి. అప్పుపత్రం కాలితే అప్పుకు సాక్ష్యమే పోయింది. శిస్తు లెక్కలు అలా కావు, వాటికి తాలూకా కచేరీలోనూ ఆధారాలుండేవి. రికార్డు భద్రతను ఎల్లప్పుడూ మేలుగా భావించే మన అలవాటును ఇక్కడ కాస్త ప్రశ్నించుకోవాలి. వెట్టిచాకిరిలో నలిగినవాడికి ఆ మంట విముక్తే. అయితే 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చాక పరిస్థితి తిరగబడింది. రక్షిత కౌలుదారుల పట్టికలో పేరున్నవాడికి, ఆ తర్వాత 38-ఇ ధ్రువపత్రం కోరినవాడికి, రికార్డు బతికి ఉండటమే ప్రాణాధారమైంది.

టేపు ప్రతికూలతలూ చిన్నవి కావు. మొదటిది, దాన్ని వరుసగా చదవాలి. ఒక్క సర్వే నంబరు కోసం టేపును చాలా దూరం తిప్పవలసి రావచ్చు. రోజువారీ పనికి అది పనికిరాదు. క్యాసెట్టు చవకే గానీ చదివే యంత్రం ఖరీదైనది, కాబట్టి మండలానికొకటి పెట్టడం అర్థంలేని ఖర్చు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ మెట్టప్రాంతంలో చల్లని, పొడి గది కూడా కావాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు చదవగలగడం. 2000లో వచ్చిన మొదటి తరం ఎల్‌టీఓ టేపు 100 గిగాబైట్లు పట్టేది. 2021 నాటి తొమ్మిదో తరం టేపు 18 టెరాబైట్లు పడుతుంది. ఏడో తరం దాకా యంత్రాలు తమకు ముందున్న రెండు తరాల టేపులను చదివేవి. ఎనిమిదో తరం యంత్రం ఏడో తరానికే ఆగిపోయింది. టేపు చెక్కుచెదరకున్నా దాన్ని చదివే యంత్రం దొరక్కపోవచ్చు. నిజాం కాలపు ఉర్దూ సేత్వారుల సంగతీ ఇంతే. కాగితం ఉంది, అక్షరం ఉంది, చదవగలిగిన ఉద్యోగులు అరుదయ్యారు.

2020 అక్టోబరు 29న మొదలైన ధరణిలో అనుభవదారు కాలమ్‌కు చోటు దక్కలేదు. ఆ మార్పుకు ముందు ఎవరు దున్నుతున్నారో తెలుసుకోవాలంటే పాత పహాణీలే దిక్కు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, టేపు ఏ పనికి తగునో చెప్పడానికి: ఏడాదికొకసారి డేటాబేసు మొత్తాన్ని ఉన్నదున్నట్టు దించి, తిరిగి రాయడానికి వీల్లేని టేపు మీద, మరో ఊళ్లో భద్రపరచడానికి. 2016లో ఈ రెండు జిల్లాలూ ముక్కలయ్యాయి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగుళాంబ గద్వాల కొత్తగా ఏర్పడ్డాయి. కాబట్టి టేపు పెట్టె మీద ఏ గ్రామం ఏ నాటికి ఏ జిల్లాలో, ఏ మండలంలో ఉండేదో తెలిపే పట్టిక కూడా ఉండాలి, అదీ కాగితం మీద.