నూలుత్రాడు నుండి తెరమీది గీత వరకు

చిత్తూరు జిల్లా ఐరాల మండలమున, బాహుదానదీ తీరమునందు, కాణిపాక దేవాలయము కలదు. పూర్వము ఇట్టి ఆలయములు కట్టునపుడు శిల్పులు నేలపై మేకులు పాతి, త్రాడు లాగి కొలతలు గుర్తించెడివారు. సంస్కృతమున వాస్తుశిల్పికి సూత్రధారుడను పేరు ఆ త్రాటివలన వచ్చినదే. కొలత పెట్టినవాడే దగ్గరనుండి గోడ కట్టించెడివాడు.

కాగితముపై కొలుచు విద్యకు 1794లో మద్రాసున సర్వే పాఠశాల వెలసినది. అదియే నేటి గిండీ ఇంజనీరింగు కళాశాల. 1842లో జాన్ హెర్షెల్ కనుగొనిన నీలిముద్ర విధానము, తరువాతి కాలమున, ఒకే పటమును పలువురు మేస్త్రీలకు అందించినది. 1963లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ కంప్యూటరు తెరపై వెలుగుకలముతో బొమ్మ గీచి చూపెను. 1982లో ఆటోకాడ్ వెలువడగా, ఆ పని చిన్న కార్యాలయములకును అందుబాటులోనికి వచ్చినది.

నేటి కాడ్ ఆపరేటరు, తాను గీచిన కట్టడమును ఎన్నడును చూడకపోవచ్చును. తప్పిన కొలతను తెరపై క్షణములో దిద్దవచ్చును. కాంక్రీటు పోసిన పిమ్మట దిద్దుట ఎంతో వ్యయము, శ్రమ. కనుక పునాది గోతివద్దకు ఒకమారు పోయి, తన గీతను నేలతో సరిచూచుకొనిన ఆపరేటరు ఆ ప్రాచీన నామమునకు నిజముగా అర్హుడు.