రాజమండ్రి పెన్ను

మన సంఘం సభ్యుల ఇళ్లలో చాలా చోట్ల, ట్రంకు పెట్టె అడుగునో బీరువా సొరుగులోనో ఒక నల్లటి ఎబొనైటు పెన్ను ఉండే ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో మనుమలకు మనమే చెప్పాలి.

ఫౌంటెన్ పెన్ను పుట్టింది విదేశాల్లో. 1884లో అమెరికాలో వాటర్‌మన్ పేటెంటు తీసుకున్న తర్వాత అది నమ్మదగిన వస్తువయింది. కిటుకు చిన్నదే. సిరా బయటికి వచ్చిన మేరకు గాలి లోపలికి పోవాలి. పాళీ కింద ఉండే నాలుకకు సన్నని గాడులు కోసి ఆయన ఆ దారి ఏర్పరచాడు. అంతకు ముందు పెన్నులు అయితే మొరాయించేవి, లేకుంటే కక్కేవి.

స్వరాజ్య ఉద్యమం నాటికి మనవాళ్లు వాడే పెన్నులు దిగుమతి సరుకే. ఖద్దరు కట్టి, విదేశీ వస్తు బహిష్కరణ తీర్మానాన్ని విదేశీ పెన్నుతో రాయవలసిన పరిస్థితి! గుండుసూది మొదలు పెన్ను దాకా ఏదో ఒకటి స్వదేశీగా చేయమన్న గాంధీజీ మాట పట్టుకుని, రాజమండ్రిలో బంగారు పని తెలిసిన కె.వి.రత్నం గారు 1930ల మొదట్లో ఈ పనికి పూనుకున్నారు. రబ్బరులో గంధకం ఎక్కువ పాళ్లలో కలిపి ఉడికించి గట్టిపరిస్తే ఎబొనైటు. ఆ కడ్డీని లేతుకు బిగించి, గొట్టం తొలిచి, మరలు కోసి, చేత్తో మెరుగు పెట్టాలి. ఆయన పెన్నును అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘంలోని కుమారప్ప గారి ద్వారా అందుకున్న గాంధీజీ, వాడి చూశాననీ, బజారులోని విదేశీ పెన్నులకు బదులుగా బాగానే ఉన్నట్టుందనీ 1935 జూలైలో ఉత్తరం రాశారు. పొగడ్త ఆచితూచి ఉంది గమనించండి. వాడకుండా మెచ్చుకునే మనిషి కారాయన.

ఇక ఆఫీసుల సంగతి. బాల్ పాయింటు వచ్చాక కూడా చాలాకాలం దానితో సంతకం ఒప్పుకోని అధికారులు ఉండేవారు. మనం చాదస్తం అనుకున్నాం గాని, సిరా విషయంలో వారి పట్టుదలకు అర్థముంది. పాతకాలపు బ్లూబ్లాక్ సిరాలో ఇనుము ఉంటుంది. రాసినప్పుడు నీలంగా ఉండి, గాలి తగిలి నల్లబడి కాగితాన్ని పట్టుకుంటుంది. రాయల్ బ్లూ చూడ ముచ్చటే, నీటి చుక్క పడితే కరిగిపోతుంది. నాతో పనిచేసిన ఒక మిత్రుని సర్వీసు రిజిస్టరు వానకు తడిసింది. బ్లూబ్లాకులో రాసిన నియామకం తేదీ చెక్కుచెదరలేదు. రాయల్ బ్లూలో ఎవరో ఎక్కించిన నాలుగేళ్ల ఇంక్రిమెంట్లు మాత్రం మరకలయ్యాయి. పాత పే బిల్లుల ఆఫీసు కాపీలు వెతికి మళ్లీ ఎంట్రీలు వేసేదాకా, పదకొండు నెలలు ఆయన పెన్షన్ కాగితాలు కదలలేదు. ఆ ఏడాది ఆయన ఇంట్లో పెళ్లి కూడా వాయిదా పడింది.

ఇప్పటికీ ఈ పెన్నును వదలనివారు ఉన్నారంటే ఊరికే కాదు. నొక్కి రాయనక్కర లేదు, కాబట్టి బిగుసుకున్న వేళ్లకు శ్రమ తక్కువ. పాళీ అరిగితే పాళీ మార్చుకోవచ్చు, నాలుక పగిలితే నాలుక. రాయగా రాయగా పాళీ మన చేతి వాటానికి అరుగుతుంది. అందుకే పూర్వం ఎవరి పెన్ను వారిదే, అడిగితే మూత దగ్గర ఉంచుకుని ఇచ్చేవారు.

ఎండిపోయిన పాత పెన్నుంటే పాళీ, నాలుక ఒక రాత్రి చన్నీళ్లలో నానబెట్టండి. వేడినీళ్లు వద్దు, ఎండలోనూ పెట్టవద్దు, ఎబొనైటు రంగు పోతుంది. సిరా నిండుగా పోయండి. సగానికి తగ్గితే లోపలి గాలి ఒంటి వేడికి ఉబ్బి, జేబులో సిరా కక్కిస్తుంది.