టీ వర్తకుల ఎగిరే డబ్బు



పోయిన నెలలో మా యింట్లో పాత టేకు మంచం ఒకటి అమ్మకానికి పెట్టాం. కొంటానన్న పెద్దమనిషి ఫోను చేసి, బేరం గూడా ఆడకుండా ఆరువేలకు ఒప్పుకున్నాడు. అనుమానం అక్కడే రావలసింది, రాలేదు. "మీకొక క్యూఆర్ కోడ్ పంపిస్తున్నానమ్మా, స్కాన్ చేసి పిన్ నంబరు కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడిపోతుంది" అన్నాడు. కొట్టాను. పడకపోగా, నా ఖాతాలోవే ఆరువేలు పోయినై.

ఆ సాయంత్రం నేను వంటింట్లో టీ పెడుతుంటే, హాల్లో పెద్ద సభే జరిగింది. "చేతిలో నోట్లు పుచ్చుకుని ఉంటే యీ గొడవే లేదు" అన్నారు మావారు. మా మరిది ఊరుకుంటాడా? "2016 నవంబరు 8 రాత్రి ఆ చేతిలో నోట్లే చెల్లవన్నారు, మరిచిపోయావా అన్నయ్యా?" అంటూ రాజకీయాల్లోకి దిగాడు. మా అమ్మాయి మాత్రం వంటింట్లోకి వచ్చి, "డబ్బు రావడానికి పిన్ నెందుకు కొట్టావమ్మా? అది యివ్వడానికి గదా!" అన్నది మెల్లిగా.

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోగానే, ఈ మధ్య చైనా చరిత్రలో చదివిన సంగతొకటి చప్పున గుర్తుకొచ్చింది. మా హాల్లో ఆ పూట కలగాపులగమైన మూడు విషయాలూ, అంటే టీ, డబ్బు భద్రత, రాజకీయం, పన్నెండు వందల యేళ్ళ క్రితమే అక్కడ ఒకచోట చేరాయి.

తాంగ్ వంశపు చక్రవర్తులు చైనాను యేలుతున్న రోజులవి. వాళ్ళ రాజధాని చాంగాన్ ఉత్తరాన, నేటి షియాన్ నగరం ఉన్నచోట ఉండేది. టీ తోటలేమో దక్షిణాన. ఎనిమిదో శతాబ్దంలో ఉత్తరాదివాళ్ళకు గూడా టీ తాగడం బాగా అలవాటయింది. లు యూ అనే ఆయన టీ మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. అప్పుడు మనలాగా పొడి డబ్బాలో ఉండేది కాదు. ఆకును ఆవిరిమీద ఉడికించి, దంచి, బిళ్ళలుగా అద్ది ఆరబెట్టేవారు. కావలసినప్పుడు ఆ బిళ్ళను సెగకు కాల్చి, పొడిచేసి, మరిగే నీళ్ళలో వేసేవారు. ఆ మరగడంలో గూడా మూడు దశలు చెప్పాడాయన. చేపకళ్ళంత బుడగలు వచ్చినప్పుడు కాస్త ఉప్పు వెయ్యాలి. అంచుల వెంబడి ముత్యాల్లా బుడగలు లేచినప్పుడు ఒక గరిటెడు నీళ్ళు తీసి పక్కనుంచి, పొడి వెయ్యాలి. పొంగు వచ్చినప్పుడు ఆ తీసిన నీళ్ళే మళ్ళీ పొయ్యాలి. పొంగే పాలమీద నీళ్ళు చిలకరించే మనకు యీ కిటుకు కొత్తేం కాదు లెండి. అయితే టీలో అల్లమూ గిల్లమూ వేసి కాచేవాళ్ళంటే ఆయనకు మహా చిరాకు. అలాంటిది పారబొయ్యడానికి తప్ప పనికిరాదన్నాడు. మా యింటి అల్లం టీ ఆయన రుచి చూడలేదు, అంతే.

ఇంత గిరాకీ ఉన్నచోట సర్కారు చెయ్యి పెట్టకుండా ఉంటుందా! 755 నుంచి 763 దాకా సాగిన ఆన్ లూషాన్ తిరుగుబాటుతో ఖజానా గుల్లయింది. 780లో పన్నుల పద్ధతి మార్చి, పన్ను డబ్బు లెక్కన కట్టాలన్నారు. 793లో టీ మీద పదోవంతు సుంకం వేశారు. ఏటా నాలుగు లక్షల కాసుల దండలు వచ్చాయట ఆ ఒక్క సుంకంలోనే.

కాసుల దండ అంటే చెప్పాలి. అప్పటి రాగికాసుకు మధ్యన చతురస్రపు బెజ్జం ఉండేది. వెయ్యి కాసులు తాడుకు గుచ్చితే ఒక దండ. కాసుకు సుమారు 4 గ్రాముల చొప్పున దండ 4 కిలోలన్నమాట! టీ అమ్మి వంద దండలు సంపాదించిన వర్తకుడు నాలుగు వందల కిలోల రాగి మోసుకుంటూ కొండలూ నదులూ దాటి యింటికి పోవాలి. దారిలో దొంగలు. పైగా కాసులు కరువైపోయి, పొలిమేర దాటి డబ్బు పోనివ్వని రాష్ట్రాధికారులు గూడా ఉండేవారు. ఇంటిదగ్గర భార్య యెదురుచూపులు వేరే. బై జ్యూయి అనే మహాకవి 816లో రాసిన 'పీపా గీతం'లో, టీ కొనడానికి ఊరెళ్ళిన వర్తకుడి భార్య పడవలో ఒంటరిగా కనిపిస్తుంది. చరిత్ర పుస్తకాల్లో సుంకాల లెక్కలే గానీ ఆవిడ ఊసు ఉండదు.

ఇక్కడే ఒక తెలివైన ఉపాయం పుట్టింది. ప్రతి రాష్ట్రానికీ రాజధానిలో ఒక కచేరీ ఉండేది. ఆ రాష్ట్రం నుంచి రాజధానికి డబ్బు రావాలి. వర్తకుడి డబ్బేమో రాజధాని నుంచి ఆ రాష్ట్రానికి పోవాలి. రెండూ యెదురెదురుగా మొయ్యడం దేనికి? వర్తకుడు చాంగాన్ కచేరీలో డబ్బు కట్టి చీటీ తీసుకునేవాడు. చేతులూపుకుంటూ వెళ్ళి, తన ఊళ్ళో చీటీ చూపించి డబ్బు పుచ్చుకునేవాడు. కాసులు కదలకుండానే డబ్బు చేరింది. అందుకే దాన్ని 'ఎగిరే డబ్బు' అన్నారు.

మరి భద్రత సంగతేమిటంటారా? చీటీ రెండు ముక్కలు. ఒకటి వర్తకుడి దగ్గర, రెండోది డబ్బిచ్చే చోట. రెండూ అతికితేనే డబ్బు. మా అమ్మాయి అన్నది సరిగ్గా యిదే. నా పిన్ నంబరు నా చేతిలో ఉన్న ముక్క. నా డబ్బు బయటికి పోవాలంటేనే దానితో పని. వచ్చే డబ్బుకు దాని అవసరమే లేదు. ఏ టీ వర్తకుడూ దారిన పోయేవాడికి తన ముక్క చూపించి ఉండడు, నేను చూపించాను.

అయితే తప్పంతా నాదేనని మావారు అంటే మాత్రం ఒప్పుకోను. ఆ తర్వాతి కథ వినండి. 811లో సర్కారు టీ వర్తకుల యీ వ్యవహారాన్ని నిషేధించింది. దాంతో డబ్బున్నవాళ్ళు కాసులు ఇళ్ళలో దాచేశారు, ధరలు పడిపోయాయి. 812లో సర్కారే తన ఖజానా శాఖల్లో ఆ పని మొదలుపెట్టి, వెయ్యికి వంద రుసుమన్నది. ఒక్క వర్తకుడూ గుమ్మం తొక్కలేదు. చివరికి రుసుము తీసేసి వెయ్యికి వెయ్యీ యిస్తామన్నారు. కట్టుబడి చేసేవాళ్ళను అదిలించి డబ్బు కట్టించుకోవడం అంత తేలిక కాదు మరి. 867 నాటికి యింకో చిక్కు వచ్చింది. వర్తకులు చీటీలు పట్టుకుపోతే, రాష్ట్రాల్లో డబ్బివ్వకుండా తిప్పుకుంటున్నారని రాజధాని అధికారులే మొరపెట్టుకున్నారు. వర్తకులకు అనుమానం పట్టుకుంది, డబ్బు కట్టడం మానేశారు. అక్కడ వర్తకుడి ముక్క భద్రంగానే ఉంది. మాట తప్పింది అవతలి ముక్క ఉన్నవాళ్ళు.

నేను గూడా ఆ రాత్రే 1930కి ఫోను చేసి ఫిర్యాదు చేశాను. మోసపోయిన వెంటనే ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు చేతులు మారకుండా ఆపడానికి అంత వీలుంటుంది. సిగ్గుపడి ఊరుకోకండి, నేను మొదటి అరగంటా సిగ్గుతోనే పోగొట్టాను. బ్యాంకువాళ్ళు ఒక నంబరు రాసిచ్చారు. వారం వారం వెళ్ళి అడిగి వస్తున్నాను. "విచారణలో ఉందమ్మా" అంటున్నారు. ఆ నంబరు కాగితం మడిచి పోపులపెట్టె కింద పెట్టాను.

మంచం యింకా వరండాలోనే ఉంది. మావారు దానిమీద కూచునే టీ తాగుతున్నారు.