పిల్లల్లో దాగిన కామెర్లు

మూడేళ్ళ పిల్లవాడికి హెపటైటిస్‌ ఎ సోకితే చాలాసార్లు ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినడు, ఒకపూట వాంతి చేసుకుంటాడు, మర్నాటికి మళ్ళీ వీధిలో ఆటకు పోతాడు. అదే వైరస్‌ వాళ్ళ బాబాయికి అంటుకుంటే కళ్ళు పచ్చబడి, వారాల తరబడి మంచం దిగలేడు. ఆరేళ్ళలోపు పిల్లలు పదిమందికి సోకితే ఏడుగురిలో ఏ లక్షణమూ బయటపడదు. పెద్దవాళ్ళలో పదిమందికి సోకితే ఏడుగురికి పైగా కామెర్లు వస్తాయి. ఎలా వచ్చినా, ఒకసారి వచ్చి పోయిందంటే రక్షణ జీవితాంతం ఉంటుంది.

మన పల్లెల్లో కామెర్లకు పసరు పోయించుకుని, పథ్యం చేస్తే తగ్గిందని చెప్పేవాళ్ళు ఎందరో. వాళ్ళ మాట అబద్ధం కాదు. ఈ రకం కామెర్లు దాదాపు అందరికీ వాటంతట అవే తగ్గుతాయి. కాలేయం ఒక్కసారిగా కుప్పకూలే ఆ కొద్దిమంది కోసమే టీకా కావలసి వచ్చింది. దాని దారి పొడవునా పిల్లలే ఉన్నారు. కొన్నిచోట్ల వాళ్ళకు జరిగింది చెప్పుకోవడానికే మనసొప్పదు.

వైరస్‌ను ఎవరూ చూడకముందే రక్షణ దొరికింది. కోలుకున్నవాళ్ళ రక్తంలో ఏదో కాపాడే శక్తి ఉందని వైద్యులకు అనుమానం. అమెరికాలో జోసెఫ్‌ స్టోక్స్‌, జాన్‌ నీఫ్‌ ఒక పిల్లల వేసవి శిబిరంలో కామెర్లు వ్యాపిస్తున్నప్పుడు, చాలామంది పెద్దల రక్తం నుంచి తీసిన గామా గ్లోబ్యులిన్‌ను కొందరికి సూదిగా ఇచ్చారు. తీసుకున్నవాళ్ళలో చాలామందికి జబ్బు రాలేదు. 1945లో ఆ ఫలితం అచ్చయింది. అయితే అది అరువు తెచ్చిన రక్షణ, కొద్ది నెలల్లో కరిగిపోతుంది. 1947లో బ్రిటన్‌ వైద్యుడు మెకాలమ్‌ ఆహారం, నీటి ద్వారా వచ్చేదానికి ‘ఎ’ అనీ, రక్తం ద్వారా వచ్చేదానికి ‘బి’ అనీ పేర్లు పెట్టాడు. పేర్లు వచ్చాయి గానీ, రెండూ నిజంగా వేరువేరు జబ్బులేనని తేల్చే పరీక్ష ఇంకా లేదు.

ఆ నిర్ధారణ న్యూయార్క్‌ నగరంలోని స్టాటెన్‌ ఐలాండ్‌లో, విల్లోబ్రూక్‌ స్టేట్‌ స్కూల్‌ నుంచి వచ్చింది. మానసిక ఎదుగుదల లోపించిన పిల్లల్ని ఉంచే ప్రభుత్వ సంస్థ అది. కిక్కిరిసిన వార్డులు, శుభ్రత లేని పరిసరాలు. చేరిన పిల్లల్లో ఎక్కువమందికి కొన్ని నెలల్లోనే కామెర్లు అంటుకునేవి. సాల్‌ క్రుగ్‌మన్‌ బృందం 1956 నుంచి అక్కడి పిల్లలకు కావాలనే వైరస్‌ను ఎక్కించింది. రోగుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తాగే పానీయంలో కలిపి ఇచ్చారు. ఎలాగూ వాళ్ళకు సోకేదే కదా, మా పర్యవేక్షణలో సోకితే మేలు కదా అన్నది వాళ్ళ వాదన. తల్లిదండ్రుల సంతకాలూ తీసుకున్నారు. కానీ మామూలు వార్డులు నిండి, ప్రయోగ విభాగంలో మాత్రమే చోటు మిగిలిన రోజులున్నాయి. బిడ్డను చేర్చడానికి మరో దారి లేని తల్లి పెట్టిన సంతకాన్ని సమ్మతి అని నేను అనలేను. 1966లో హెన్రీ బీచర్‌ అనే వైద్యుడు వైద్య పత్రికలోనే ఈ తరహా ప్రయోగాలను వేలెత్తి చూపాడు. మరుసటి ఏడాది క్రుగ్‌మన్‌ తన ఫలితాలు ప్రకటించాడు. ఒకటి నెలరోజులకు బయటపడేది, రెండోది ఇంకా ఎక్కువ కాలం లోపలే ఉండేది. ఒకటి వచ్చి తగ్గినవాళ్ళకు రెండోదాని నుంచి రక్షణ లేదు. శాస్త్రానికి అవసరమైన నిజమే. అందుకు మూల్యం కట్టింది మాత్రం నోరు విప్పి వద్దనలేని పిల్లలు.

ఆ మొదటి రకం వైరస్‌నే తర్వాత ఇల్లినాయ్‌లోని జోలియట్‌ జైలులో, ప్రయోగానికి ఒప్పుకున్న ఖైదీలకు ఇచ్చారు. వాళ్ళ మల నమూనాలు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చేరాయి. 1973లో స్టీఫెన్‌ ఫైన్‌స్టోన్‌, ఆల్బర్ట్‌ కపికియన్‌, రాబర్ట్‌ పర్సెల్‌ వాటిని ఎలక్ట్రాన్‌ మైక్రోస్కోపు కింద పెట్టారు. మలంలో కోటానుకోట్ల రేణువుల మధ్య 27 నానోమీటర్ల వైరస్‌ను వెతికి పట్టడం మామూలుగా అయ్యే పని కాదు. వాళ్ళు ఆ నమూనాలో కోలుకున్న రోగి రక్తరసిని కలిపారు. అందులోని యాంటీబాడీలు వైరస్‌ రేణువుల్ని ఒకదానికొకటి అతికించాయి. చెల్లాచెదురుగా ఉన్నప్పుడు కంటికి ఆననివి గుత్తులుగా కనిపించాయి. అంతకు ముందు ఏడాది ఇదే పద్ధతిలో, వాంతులూ విరేచనాలూ తెచ్చే నార్వాక్‌ వైరస్‌ను పట్టుకున్నది కపికియనే.

ఇక ఎవరి రక్తంలో పాత హెపటైటిస్‌ ఎ గుర్తు ఉందో చెప్పడం సాధ్యమైంది. అది మన దేశపు పాత చిక్కుముడిని కూడా విప్పింది. 1955 చివర యమున వరదతో దారి మళ్ళి, మురుగునీరు ఢిల్లీ మంచినీళ్ళలో కలిసింది. సుమారు 29,300 మందికి కామెర్లు వచ్చాయి. అప్పట్లో అది హెపటైటిస్‌ ఎ అనే అనుకున్నారు. దాచి ఉంచిన ఆ రోగుల రక్తరసిని 1980లో పరీక్షిస్తే, ఎ రకం వాళ్ళకు చిన్నప్పుడే వచ్చి పోయిందని తేలింది. ఢిల్లీని పడగొట్టింది వేరే వైరస్‌. నేడు దాన్ని హెపటైటిస్‌ ఇ అంటున్నాం. నన్ను ఆలోచనలో పడేసేది ఆ రక్తరసిలోని మరో సంగతి. ఆనాటి మన పెద్దలు దాదాపు అందరూ ఊహ తెలియని వయసులోనే మురికి నీళ్ళలో ఈ వైరస్‌ను తాగి, తమకే తెలియకుండా రక్షణ పొందారు.

టీకా చేయాలంటే వైరస్‌ను పెంచాలి. అది మొండి ఘటం. ప్రయోగశాల కణాల్లో ఎంతకూ పెరగలేదు. మెర్క్‌ సంస్థలో మారిస్‌ హిల్లెమన్‌, ఫిలిప్‌ ప్రొవోస్ట్‌ మొదట మార్మోసెట్‌ అనే చిన్న కోతుల్ని ఆశ్రయించారు. వాటి కాలేయంలో పెరిగిన వైరస్‌ను చంపి టీకాగా ఇస్తే తోటి కోతులకు రక్షణ కలిగింది. 1979లో అదే వైరస్‌ను కణాల్లోనూ పెంచగలిగారు. పెంచడం, ఫార్మలిన్‌తో చంపడం, సూదిలో ఇవ్వడం: పోలియో టీకాకు సాల్క్‌ వేసిన బాటే. చైనాలో హాంగ్‌జౌలో మావో జియాంగ్‌సెన్‌ వేరే దారి పట్టి, బలం తగ్గించిన సజీవ వైరస్‌తో టీకా చేశాడు. 1988లో షాంఘైలో సరిగా ఉడకని గుల్లలు తిని సుమారు 3 లక్షల మంది జబ్బుపడిన దేశానికి ఆ తొందర సహజమే.

అసలు పరీక్ష మళ్ళీ పిల్లల దగ్గరే జరిగింది, ఈసారి తలెత్తుకుని చెప్పుకోదగిన రీతిలో. న్యూయార్క్‌ రాష్ట్రంలో కిర్యాస్‌ జోయెల్‌ అనే యూదుల ఊరు. పెద్ద కుటుంబాలు, ఇంటినిండా పసిపిల్లలు, పదేపదే కామెర్లు. అక్కడ పనిచేసే పిల్లల డాక్టరు అలన్‌ వెర్జ్‌బెర్గర్‌ నడిపిన పరిశీలనలో 1991 వేసవిలో 1,037 మంది పిల్లలు పాల్గొన్నారు. అందరూ 2 నుంచి 16 ఏళ్ళ లోపువాళ్ళు. సగంమందికి టీకా, సగంమందికి ఉత్తుత్తి సూది. మొదటి మూడు వారాల్లో టీకా తీసుకున్నవాళ్ళలో ఏడుగురికి, తీసుకోనివాళ్ళలో ముగ్గురికి జబ్బు వచ్చింది. అప్పుడు ఆ తల్లుల గుండె ఎంత దడదడలాడిందో! కానీ ఈ వైరస్‌ ఒంట్లో చేరాక బయటపడడానికి సగటున 28 రోజులు పడుతుంది. అంటే ఆ పిల్లలకు సూదికి ముందే సోకి ఉంది. ఆ తర్వాత టీకా తీసుకోనివాళ్ళలో 34 మందికి వచ్చింది, తీసుకున్నవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. ఒక్క డోసుకే. అదే ఏడాది థాయిలాండ్‌లోని కాంఫెంగ్‌ ఫెట్‌లో 40 వేల మంది బడిపిల్లలతో మొదలైన మరో పెద్ద పరిశీలనలో టీకా 94 శాతం పనిచేసింది. అక్కడ రెండో జట్టుకు ఉత్తి సూది ఇవ్వలేదు, హెపటైటిస్‌ బి టీకా ఇచ్చారు. ఏ బిడ్డా ఉత్త చేతులతో ఇంటికి పోలేదు.

1999లో ఇజ్రాయెల్‌ ఏడాదిన్నర పిల్లలందరికీ ఈ టీకా మొదలుపెట్టింది. అంతకుముందు లక్షమందిలో ఏటా 50 మందికి వచ్చే జబ్బు 2002 నాటికి రెండు, మూడుకు దిగింది. సూది వేయించుకోని పెద్దల్లోనూ తగ్గింది. జబ్బు పసిపిల్లల చేతుల మీదుగానే పెద్దలకు చేరుతోందని దాంతో రుజువైంది. అర్జెంటీనాలో ఈ వైరస్‌ వల్ల కాలేయం చెడి, అవయవ మార్పిడి దాకా పోయే పిల్లలుండేవాళ్ళు. 2005 నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ ఒక్క డోసు ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత అలాంటి కేసులు అక్కడ కనిపించలేదు.

మన దగ్గర పరిస్థితి మధ్యలో ఉంది. నీళ్ళు పూర్తిగా శుభ్రం కాలేదు, పూర్వంలా పిల్లలందరికీ సోకేంత మురికిగానూ లేవు. మధ్యతరగతి ఇళ్ళలో క్యాన్‌ నీళ్ళు తాగి పెరిగినవాడు ఏ రక్షణా లేకుండా పద్దెనిమిదేళ్ళకు హాస్టల్‌ మెస్‌కు చేరుతున్నాడు. 2024లో కేరళలోని మలప్పురంలో వ్యాపించిన కామెర్లు ప్రాణాలు కూడా తీశాయి. అదే ఏడాది జనవరిలో హైదరాబాద్‌లోని ఇండియన్‌ ఇమ్యునలాజికల్స్‌ రెండు డోసుల ‘హావిష్యూర్‌’ను విడుదల చేసింది, దేశంలోనే తయారైన టీకా అది. హాంగ్‌జౌలో పుట్టిన సజీవ టీకా కూడా ఒక్క డోసుగా మన పిల్లల డాక్టర్ల దగ్గర దొరుకుతోంది. పిల్లల డాక్టర్ల సంఘం ఏడాది నిండాక వేయించమంటోంది. సర్కారు ఉచిత టీకాల పట్టికలో మాత్రం ఇది ఇంకా లేదు. అంగన్‌వాడీకి వచ్చే నర్సమ్మ పెట్టెలో ఆ సీసా ఉండదు. కొనగలిగినవాళ్ళు కొని వేయించుకుంటున్నారు. మిగతా పిల్లలకు నేటికీ రక్షణ ఇచ్చేది, ఇస్తే, 1955 నాటి ఢిల్లీ పెద్దలకు చిన్నప్పుడు ఇచ్చిన ఆ మురికి నీళ్ళే.