బుట్టలో బిడ్డ, బుట్ట అల్లిన మనిషి

పెద్ద పోస్టు ఇది. మెస్ లైన్లో నిలబడి కాకుండా రాత్రి తీరిగ్గా చదవండి.

పోయిన వేసవి సెలవుల్లో విజయవాడలో ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరాను. పుట్టి పది, పదిహేను రోజులైన పిల్లలకు ఫొటోలు తీసే స్టూడియో. లైట్లు మోయడం, వెనకాల గుడ్డ కట్టడం, బిడ్డకు చలి తగలకుండా ఏసీ ఆపడం నా పని. పసిబిడ్డను మెత్తటి గుడ్డలో చుట్టి, చిన్న వెదురు బుట్టలో పడుకోబెట్టి, చుట్టూ ఎండు పూలు, మినుకుమనే లైట్లు పెట్టి పైనుంచి తీస్తారు. ఒక్కో షూట్‌కి తీసుకునే డబ్బుతో నాకు హాస్టల్లో మూడు నాలుగు నెలలు గడుస్తుంది.

మొదటి రోజే ఆ బుట్టని తిరగేసి చూశాను. అడుగున దబ్బలు అడ్డం నిలువు వేసిన తీరు, అంచు చుట్టిన తీరు అచ్చం మా నాయనమ్మ చేతిలా ఉంది. ఆమె అల్లిందని కాదు, మావాళ్ల చెయ్యి అని అంటున్నా. "ఇది ఎక్కడ కొన్నారన్నా?" అనడిగితే, "డెకార్ షాపులో రా, పూలతో కలిపి సెట్టు" అన్నాడు. అల్లింది ఎవరని ఆ షాపువాడికీ తెలిసుండదు.

అప్పటినుంచి ఒక ప్రశ్న పట్టుకుంది. బిడ్డ ఫొటోలో మన బుట్ట ఉంది. మనం ఏ ఫొటోల్లో ఉన్నాం? కాలేజీ లైబ్రరీలోనూ ఫోన్లోనూ దొరికినంత చదివి, ఇంట్లో పెద్దోళ్లని అడిగి రాస్తున్నా.

ముందు బుట్ట సంగతి. స్టూడియోవాళ్లు కొత్తగా కనిపెట్టిందేం కాదు ఇది. మన తెలుగు ఇళ్లలో బిడ్డ పుట్టగానే పడుకోబెట్టింది చాటలోనే. కులం ఏదైనా సరే. పుట్టిన పిల్లలు దక్కకుండా పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను చాటలో పెట్టి పెంటకుప్ప మీద కాసేపు ఉంచి తెచ్చుకునేవాళ్లు. లేదంటే ఇంకొకరికి ఇచ్చేసి, చాటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కునేవాళ్లు. పెంటయ్య, పుల్లయ్య, తవిటయ్య అనే పేర్లు అలా వచ్చినవే. చావు కళ్లు ఆ బిడ్డ మీద పడకూడదని. అంటే మొదటి పరుపూ, మొదటి రక్షా మనం అల్లిన చాటే. (మేదర్లు కూడా వెదురు అల్లుతారు, అది వాళ్ల కులవృత్తి. ఇక్కడ పోటీ ఏం లేదు. మా ఇంటి కథ కాబట్టి ఎరుకలోళ్ల గురించి రాస్తున్నా.)

మాలో తెగల పేర్లు చూస్తేనే పని అర్థమవుతుంది. వెదురు చీల్చి దబ్బలతో అల్లేవాళ్లు దబ్బ ఎరుకల. ఈత పుల్లలతో అల్లేవాళ్లు ఈతపుల్లల ఎరుకల. నేతగాళ్లు పడుగుకి గంజి పట్టించే కుంచెలు కట్టేవాళ్లు కుంచపురి ఎరుకల. కరివేపాకు అమ్మినవాళ్లు, పరిక ముగ్గులవాళ్లు, ఉప్పు ఎరుకల, ఇలా. ఉప్పు ఎరుకలు తీరంలో కొటార్ల దగ్గర ఉప్పు ఎత్తుకుని, ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్లకు పోయి ధాన్యానికి మార్చుకొచ్చేవాళ్లు. రైలొచ్చాక ఆ పని పోయింది. ఉప్పు మీద సర్కారు పెత్తనం ముందే నడుం విరిచింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండమీద వెదురు కొట్టాలంటే పర్మిటు, లేకపోతే దొంగతనం. నిన్నటిదాకా పని, ఇవాళ నేరం.

పని పోయిన మనిషి ఊరూరా తిరుగుతుంటే అనుమానం అన్నారు. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలోని "నేరస్థ వర్గాల" మీద పుస్తకమే రాశాడు. నేరస్థ జాతుల చట్టం ఉత్తరాదిన 1871లోనే వచ్చింది. మన వైపుకు 1911 చట్టంతో వచ్చింది. ఆ చట్టం కింద పేరు రాసుకోవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, ఫలానా చోటే ఉండాలని కట్టేయొచ్చు. ఇంకోటి కూడా ఉంది, చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆరేళ్లు దాటి పద్దెనిమిది లోపు ఉన్న పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గరనుంచి తీసేసి వేరే బడిలో పెట్టే అధికారం సర్కారుకి ఇచ్చారు.

మా నాయనమ్మ నన్ను ఐదో తరగతిలో హాస్టల్లో వేస్తామంటే రెండు రోజులు అన్నం తినలేదు. "పిల్లోణ్ణి ఎత్తకపోతారు రా" అనేది. చదువంటే ఇష్టం లేక అంటుందని నేను నవ్వేవాణ్ణి. ఆ సెక్షను చదివాక నవ్వు రాలేదు. ఆమెకు చట్టం తెలియదు గానీ, ఆమె అమ్మకు తెలుసు.

బ్యారేజీ దాటితే సీతానగరం. అక్కడ రక్షణ సైన్యం, అదే సాల్వేషన్ ఆర్మీ, సెటిల్మెంట్ నడిపింది. బాపట్ల, చీరాల మధ్య 1913లో పెట్టిన స్టువర్టుపురం అందరికీ తెలిసిందే. మద్రాసు ప్రభుత్వంలో పెద్దాయన హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఇప్పటికీ ఆ పేరుతోనే రైల్వే స్టేషను ఉంది. సాల్వేషన్ ఆర్మీ పెద్ద బూత్ టక్కర్ మనవాళ్లని "క్రిమ్" అని ముద్దుపేరుతో రాసేవాడు. క్రిమినల్ అనే మాటలో సగం. ముద్దు సంగతేమో, సగమైనా అది క్రిమినలే కదా. వాళ్లు బడి పెట్టారు, వైద్యం చేశారు, కాదనను. అయినా హాజరు పిలిచే చోటు ఇల్లు అవదు.

ఇప్పుడు ఫొటోల సంగతి. మనుషుల్ని జాతులవారీగా ఫొటోలు తీసి పుస్తకాలు వేయడం కంపెనీ పోయి రాణి పాలన వచ్చిన కొత్తల్లోనే మొదలైంది. 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు వచ్చాయి, నాలుగొందలకు పైగా ఫొటోలతో. మన దక్షిణాదికి ఎడ్గార్ థర్‌స్టన్. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. ముక్కు పొడవు, తల వెడల్పు కొలిచి రాసుకునేవాడు. ఆ కొలతల పద్ధతి పోలీసు అధికారులకు కూడా నేర్పాడు. 1909లో ఆయనా రంగాచారీ కలిసి ఏడు సంపుటాలు వేశారు. మన గురించి ఏ డిగ్రీ విద్యార్థి రాసినా ఇప్పటికీ ఆ పుస్తకంలోంచే ఎత్తి రాస్తాడు, నేనూ రాస్తున్నా. అందులో ఫొటోల కింద జాతి పేరు ఉంటుంది. మనిషి పేరు కోసం వెతికితే దొరకదు. చంకలో బిడ్డకి అసలే ఉండదు.

సరిగ్గా ఆ కాలంలోనే డబ్బున్నోళ్ల పిల్లల ఫొటోలు ఎలా ఉండేవో చూడండి. హైదరాబాదులో 1892లో రాజా దీన్‌దయాళ్ ఆడవాళ్లకోసం, పిల్లలకోసం వేరే జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు ఇబ్బంది పడకుండా ఫొటో తీసేది కూడా ఆడమనిషే. అక్కడ గౌరవం కోసం తెర కట్టారు, ఇక్కడ ముక్కు కొలిచారు. అదే కెమెరా.

ఇంగ్లండులో ఇంకో విచిత్రం. అప్పటి కెమెరాకి బిడ్డ కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాలి. అందుకని తల్లి మీద ముసుగు కప్పి, కుర్చీలా కూర్చోబెట్టి, ఒళ్లో బిడ్డని పెట్టి తీసేవాళ్లు. ఫొటోలో బిడ్డ మాత్రమే కనిపించాలి. ఆ పాత ఫొటోలు ఫోన్లో చూస్తే భయమేస్తుంది, గుడ్డ కింద మనిషి ఆకారం తెలుస్తూనే ఉంటుంది. మా స్టూడియోలో కూడా ఇదే జరుగుతుంది, కంప్యూటర్ వచ్చాక. బిడ్డ గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చున్నట్టు ఫొటో చూసి ఉంటారు. పది రోజుల బిడ్డ అలా ఎలా కూర్చుంటుంది? ఒక ఫొటోలో పెద్దవాళ్లు తల పట్టుకుంటారు, ఇంకో దాంట్లో చేతులు పట్టుకుంటారు, రెండూ కలిపి మన చేతుల్ని చెరిపేస్తారు. నా చెయ్యి అలా ఎన్ని ఫొటోల్లోంచి పోయిందో.

ఈ ముసుగు సంగతి చదువుతుంటేనే నాకు జాన్ కెయిన్ రాసింది గుర్తొచ్చింది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ ఆయన. 1870లలో ఎరుకలవాళ్ల కాన్పు గురించి రాశాడు. భార్యకి నొప్పులు మొదలవగానే భర్తకి చెబుతుంది. అతను ఆమె బట్టలు కట్టుకుని, బొట్టు పెట్టుకుని, చిన్న దీపం మాత్రమే ఉన్న చీకటి గదిలో నిండా కప్పుకుని పడుకుంటాడు. బిడ్డ పుట్టాక కడిగి తండ్రి పక్కన పడుకోబెడతారు. ఇంగువ, బెల్లం లాంటి బాలింత పథ్యం కూడా తల్లికి కాదు, తండ్రికే పెడతారు. ఈ ఆచారం దేశాలు దాటి, ప్రపంచంలో పెద్ద పెద్ద పండితుల పుస్తకాలకి ఎక్కింది. చదివిన ప్రతివాడూ నవ్వుకున్నాడు. మా క్లాసులో కూడా నవ్వారు, నేను తలొంచుకున్నా.

ఇప్పుడు తలొంచుకోను. తల్లిని వదిలేసి తండ్రికి పథ్యం పెట్టడం నాకూ నచ్చదు, అది వేరే మాట. కానీ బిడ్డ పుట్టే రాత్రి దుష్టం ఏదైనా వస్తే తల్లి అనుకుని నా మీదకే రావాలని ఒక మనిషి పడుకున్నాడంటే, అది భయమే కాదు, ప్రేమ కూడా. ఇది నా అర్థం, పుస్తకాల్లో వేరేగా ఉంటుంది. కెమెరా అక్కడ లేదు. మన బిడ్డ గురించి బయటివాడు గీసిన బొమ్మల్లో నాకు తెలిసినంతవరకు ఇదొక్కటే మనిషిలా కనిపిస్తుంది. దీపం, కప్పుకున్న తండ్రి, పక్కన బిడ్డ.

మా తాత దగ్గరకి వస్తా. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. మన వాళ్లు ఆ రోజుని విముక్త దినం అంటారు. తర్వాత అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌కి 1962లో. అంటే ఫైలు మారింది గానీ బీరువా మారలేదు. ఏ ఊరు, ఏ స్టేషను అని రాయను. మా తాత పాతికేళ్ల వయసులో, బుట్టలు అమ్ముకుని వస్తుంటే పట్టుకెళ్లి, ఛాతీ దగ్గర పలక పట్టించి ఫొటో తీశారు. మూడు రోజులకి వదిలేశారు, ఏమీ లేదని. మా తాతకి జీవితంలో తీసిన మొదటి ఫొటో అదే. ఆ ఫొటో మా ఇంట్లో లేదు. రెండోది పింఛను కాగితానికి తీయించుకున్నది. అదే దండ వేసి గోడకి ఉంది.

సినిమావాళ్లు కూడా మనల్ని ఆ పలకతోనే చూశారు. 1991లో స్టువర్టుపురం పేరుతో రెండు సినిమాలొచ్చాయి, 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. అదే ఊళ్లో హేమలతా లవణం, లవణం గార్లు 1970లనుంచి ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి చేసిన పని మీద సినిమా రాలేదు. హేమలత గారు జాషువా గారి కూతురు, విజయవాడ నాస్తిక కేంద్రం మనిషి. పోలీసు లేకుండా మా గడప తొక్కిన పెద్దోళ్లు అని మా వైపు ముసలోళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

బుట్టలో బిడ్డను పెట్టి ఫొటో తీసే ఫ్యాషను ఎక్కడిది అంటే, ఆన్ గెడ్డెస్ అని ఆస్ట్రేలియాలో పుట్టి న్యూజిలాండులో పనిచేసిన ఫొటోగ్రాఫర్ ఉంది. పూలకుండీల్లో, క్యాబేజీ ఆకుల్లో పిల్లల్ని పెట్టి తీసింది. 1996లో వచ్చిన పుస్తకం ప్రపంచమంతా అమ్ముడుపోయింది. ఆ గాలి తిరిగి తిరిగి బెజవాడ చేరేసరికి ఇక్కడ చాటలు, గంపలు ఇళ్లలోంచి పోయాయి. వరికోత మిషను వచ్చాక చాటతో పనేముంది? నూజివీడు మామిడికి గంపల బదులు ప్లాస్టిక్ ట్రేలు. మగ్గాలు తగ్గితే కుంచె ఎవరిక్కావాలి? వంటింట్లోంచి పోయిన బుట్ట, ఇప్పుడు హాల్లో గోడకి డెకరేషను అయి తగులుతోంది. మా నాయనమ్మ పెద్ద గంపకి పడే కష్టం కన్నా ఈ బుల్లి బుట్టకి ఎక్కువ పడాలి. దబ్బ సన్నగా చీల్చాలి, నీళ్లలో నానబెట్టాలి, బిడ్డకి గుచ్చుకోకుండా కత్తితో గీకాలి. ఆమెకి వచ్చేది నూట యాభై. అదే బుట్ట ఎండు పూలతో షాపులో ఎంతకి అమ్ముతున్నారో చూసి ఆమెకి చెప్పలేదు.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా అక్క కూతురికి ఇరవై రోజులు. స్టూడియోలో నేర్చుకున్నదంతా ఫోన్‌తో చేశాను. తలుపు దగ్గర వెలుతురు, పాత తెల్ల పంచె, నాయనమ్మ బుట్ట. బిడ్డని పెట్టి, "నాయనమ్మా, నువ్వు కూడా కూర్చో" అన్నాను.

"నా మొహం ఎందుకురా, బుట్ట పడింది చాల్లే" అంది.

బతిమాలితే కూర్చుంది. బుట్ట అంచు మీద చెయ్యి వేసింది, వెదురు గీతలు పడ్డ చెయ్యి. మా బావ వెనక నిలబడ్డాడు. చెరపలేదు, ఎవర్నీ. చీరాలలో రెండు ప్రింట్లు తీయించి వెనకాల పెన్నుతో రాశాను: బిడ్డ పేరు, తల్లి, తండ్రి, బుట్ట అల్లిన మనిషి పేరు, ఊరు, తారీఖు.

మీతో పని ఉంది. ఇంట్లో పాత ఫొటోలు ఉంటే వెనకాల పేర్లు రాయండి, చెప్పేవాళ్లు ఉండగానే. చెంచు, కొండరెడ్డి, గోండు తమ్ముళ్లకి ఇంకోటి. హైమండార్ఫ్ 1940ల నుంచి హైదరాబాదు రాజ్యంలోనూ గోదావరి కొండల్లోనూ తీసిన ఫొటోలు లండన్‌లో సోయాస్ అనే కాలేజీ దగ్గర ఉన్నాయి, ఆన్‌లైన్లో చూడొచ్చు. మీ ముత్తాతలు అందులో ఉండొచ్చు, పెద్దోళ్లకి చూపించండి. ఇక ఎరుకల పిల్లలు, మీ ఇంట్లో ఏ బుట్టని ఏమంటారో మన భాషలో అడిగి కామెంట్లో రాయండి. నాయనమ్మ దగ్గర నాకు ఏడు పేర్లే దొరికాయి. ఇంకా ఉన్నాయంట, ఆమెకి గుర్తు రావట్లేదు.